గ్రహణం కోసం ఆగని మనిషి

2024 మే 10 రాత్రి లడఖ్‌లోని హాన్లేలో ఆకాశం ఎర్రగా వెలిగింది. అక్కడున్న మన దేశపు అబ్జర్వేటరీ కెమెరాలు ఆ వెలుగుని పట్టుకున్నాయి. నార్వే వాళ్లకీ, ఐస్‌లాండ్ వాళ్లకీ ఇది మామూలే. మన దేశంలో అరోరా కనబడటమంటే మాటలు కాదు కదా. మర్నాటికి ఎవరి స్టేటస్ చూసినా అవే ఫొటోలు. మా బారువ కుర్రాళ్ల గ్రూపులో మాత్రం ఒకటే ప్రశ్న. లడఖ్‌లో కనబడింది సరే, మన బీచ్‌లో ఎందుకు కనబడలేదు?

మంచి ప్రశ్నే. దానికి జవాబు వెతుకుతూ పోతే నేను చివరికి తేలింది ఉత్తర ధ్రువంలో కాదు, గుంటూరులో! 1868లో అక్కడికి వచ్చిన ఒక ఫ్రెంచి ఆయన దగ్గర. పేరు పియెర్ జూల్స్ జాన్సెన్. క్విజ్ పోటీలకి వెళ్లేవాళ్లకి ఈ పేరు తెలిసే ఉంటుంది. హీలియంని కనిపెట్టింది ఎవరు, ఎక్కడ అని అడిగితే జాన్సెన్, గుంటూరు అని చెప్పి మార్కు కొట్టేస్తాం. ఆ జవాబులో సగమే నిజం. మిగతా సగంలో ఆయన చేసిన అసలు పని దాక్కుండిపోయింది. ఈ వ్యాసం ఆ సగం గురించి.

ముందు ఆ వెలుగు సంగతి

అరోరాని మన తెలుగు పుస్తకాల్లో ధ్రువకాంతి అంటారు. దీనికి మూలం సూర్యుడు. సూర్యుడి మీద అయస్కాంత క్షేత్రాలు మెలితిరిగి తెగినప్పుడు, కోట్ల టన్నుల విద్యుదావేశ కణాలు ఒక్కసారిగా అంతరిక్షంలోకి ఎగిరిపడతాయి. భూమి వైపు వస్తే ఒకటి నుంచి మూడు రోజుల్లో మన దగ్గరికి చేరతాయి. భూమికి ఉన్న అయస్కాంత క్షేత్రం వాటిని నేరుగా లోపలికి రానివ్వదు. కానీ ఆ తాకిడికి క్షేత్రం సాగి, కుదిలి, అందులోని ఎలక్ట్రాన్లు అయస్కాంత రేఖల వెంట ధ్రువాల వైపు దూసుకుపోతాయి. అక్కడ పైనున్న గాలిని ఢీకొడతాయి. దెబ్బ తిన్న ఆక్సిజన్ పరమాణువు ఆ శక్తిని వెలుగుగా వదిలేస్తుంది. 100 నుంచి 150 కిలోమీటర్ల ఎత్తులో అయితే ఆకుపచ్చ, 200 కిలోమీటర్లు దాటితే ఎరుపు. నైట్రోజన్ అయితే నీలం, ఊదా.

ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్కటే. ప్రతి వాయువుకీ తనదైన రంగుల సంతకం ఉంటుంది. ఆక్సిజన్ ఆకుపచ్చ గీత 557.7 నానోమీటర్ల దగ్గరే పడుతుంది, ఇంకెక్కడా పడదు. వెలుగుని పట్టకంలోంచి పంపి గీతలు చూస్తే, ఎంత దూరంలో ఉన్న వాయువైనా ఏమిటో చెప్పేయొచ్చు. దీన్నే స్పెక్ట్రోస్కోపీ అంటారు. 1859 ప్రాంతంలో జర్మనీలో కిర్షాఫ్, బున్సెన్ దీనికి పునాది వేశారు. జాన్సెన్ జీవితమంతా ఈ గీతల వెనకే తిరిగింది.

బడికి వెళ్లని పిల్లాడు

జాన్సెన్ 1824 ఫిబ్రవరి 22న పారిస్‌లో పుట్టాడు. తండ్రి క్లారినెట్ వాయించే సంగీతకారుడు. పసివాడిగా ఉన్నప్పుడే జరిగిన ప్రమాదంలో కాలికి అవిటి వచ్చింది. జీవితాంతం కుంటుతూనే నడిచాడు. ఆ కారణంగా అందరిలా బడికి పోలేదు, ఇంట్లోనే చదువుకున్నాడు. ఇంటి పరిస్థితి కూడా అంతంత మాత్రమే కావడంతో చిన్నప్పుడే బ్యాంకులో పనికి కుదిరాడు. మనం ఇంటర్ అయిపోగానే రాసే లాంటి పరీక్ష ఆయన పాసయ్యేసరికి 25 ఏళ్లు. డాక్టరేట్ వచ్చేసరికి 36. ఒక ఏడాది డ్రాప్ తీసుకుంటేనే జీవితం అయిపోయిందని ఏడ్చే మనకి ఈ లెక్కలు కాస్త ధైర్యం ఇస్తాయి.

మధ్యలో 1857లో గ్రాండిడియే అనే ఇద్దరు అన్నదమ్ములతో కలిసి దక్షిణ అమెరికాలోని పెరూకి వెళ్లాడు. పని ఏమిటంటే, అయస్కాంత భూమధ్యరేఖ ఎక్కడుందో కొలవడం. దిక్సూచి ముల్లుని పైకీ కిందికీ కూడా తిరగనిస్తే, ధ్రువాల దగ్గర అది నిలువుగా నిలబడుతుంది. అయస్కాంత భూమధ్యరేఖ మీద పూర్తిగా అడ్డంగా పడుకుంటుంది. అడవిలో జ్వరం, విరేచనాలు పట్టుకుని చావు దాకా వెళ్లి, జాన్సెన్ పని మధ్యలోనే వదిలి ఇంటికి తిరిగొచ్చాడు.

మా బీచ్ ప్రశ్నకి జవాబు ఇక్కడే ఉంది. ఆ అయస్కాంత భూమధ్యరేఖే చుట్టూ తిరిగి మన దేశపు దక్షిణ కొసన తిరువనంతపురం పక్కనుంచి పోతుంది. 1963లో మన మొదటి రాకెట్‌ని తుంబా నుంచి వదలడానికి కారణం కూడా అదే. ఆ రేఖ దగ్గర్లో అయస్కాంత రేఖలు నేలకి సమాంతరంగా, అడ్డంగా ఉంటాయి. ఎలక్ట్రాన్లు వాటి వెంట కిందికి దిగడానికి దారే ఉండదు. బారువ ఆ రేఖకి దగ్గరే. హాన్లే చాలా ఉత్తరాన, పైగా 4,000 మీటర్లకి పైన ఉంది. అక్కడ కూడా నెత్తిమీద కనబడింది కాదు, ఎంతో ఉత్తరాన చాలా ఎత్తులో పుట్టిన ఎర్ర వెలుగు పైఅంచు మాత్రమే. మరీ పెద్ద తుఫాను వస్తే లెక్క మారుతుంది. 1872 ఫిబ్రవరి 4 రాత్రి బొంబాయిలో కూడా అరోరా కనబడినట్టు రికార్డు ఉంది. అలాంటి రాత్రులు వందేళ్లకి ఒకటో రెండో వస్తాయి.

గాలి గీతలు, సూర్యుడి గీతలు

పెరూ నుంచి వచ్చాక జాన్సెన్ స్పెక్ట్రోస్కోప్ పట్టుకున్నాడు. సూర్యకాంతిని విడదీస్తే వందల నల్ల గీతలు కనబడతాయి. వాటిలో కొన్ని పొద్దున్నా సాయంత్రం సూర్యుడు కిందికి ఉన్నప్పుడు ఇంకా ముదురుగా అవుతాయి. అంటే అవి సూర్యుడివి కావు, మధ్యలో ఉన్న మన గాలివే అయ్యుండాలి. మరి రుజువేదీ? 1864లో జెనీవా సరస్సు ఒడ్డున ఒక ఊళ్లో దేవదారు కట్టెల పెద్ద మంట వేయించి, ఇరవై కిలోమీటర్ల అవతల నుంచి ఆ వెలుగుని చూశాడు. దగ్గర్నుంచి చూస్తే లేని గీతలు అంత గాలి దాటి వచ్చేసరికి ప్రత్యక్షమయ్యాయి. అదీ చాలక, పారిస్‌లోని ఒక గ్యాస్ ఫ్యాక్టరీలో 37 మీటర్ల ఇనప గొట్టం నిండా ఆవిరి నింపి, ఒక చివర దీపం పెట్టి, రెండో చివర నుంచి చూశాడు. నీటి ఆవిరి గీతలు దొరికాయి. మా ల్యాబ్‌లో ఒక రీడింగ్ రాకపోతే పక్కవాడి రికార్డు వైపు చూస్తాం. ఈయన ఏకంగా ఫ్యాక్టరీనే ల్యాబ్ చేసేశాడు.

గుంటూరు, 1868 ఆగస్టు 18

సంపూర్ణ సూర్యగ్రహణం అప్పుడు చంద్రుడి నల్లటి అంచు చుట్టూ ఎర్రటి మంటల్లాంటివి కనబడతాయి. వీటిని ప్రామినెన్సులు అంటారు. అవి చంద్రుడివి కావనీ సూర్యుడివేననీ 1860 గ్రహణం ఫొటోలతో తేలింది. కానీ అవి దేనితో అయ్యాయి? మబ్బులా, మంటలా, వాయువులా? ఎవరికీ తెలీదు. స్పెక్ట్రోస్కోప్ చేతికి వచ్చాక మొదటి పెద్ద అవకాశం 1868 గ్రహణం. దాని నీడ బీజాపూర్ వైపు నుంచి వచ్చి గుంటూరు, మచిలీపట్నం మీదుగా బంగాళాఖాతంలోకి దిగి సయామ్ దాకా పోయింది. మా ఉద్దానం వైపు పాక్షిక గ్రహణమే. నదీ సాగర సంగమం ఉన్న ఊరు కాబట్టి బారువలో గ్రహణం అంటే ఈ రోజుకీ మహేంద్రతనయ సముద్రంలో కలిసే చోట స్నానాలు. ఆ రోజు గుంటూరులో కూడా జనం దృష్టి అంతా పట్టు స్నానం, విడుపు స్నానం మీదే ఉండుంటుంది.

జాన్సెన్ మద్రాసులో ఓడ దిగి, మళ్లీ సముద్రం మీద మచిలీపట్నం చేరి, అక్కణ్ణుంచి గుంటూరు వచ్చాడు. ఆ ఊరినే ఎంచుకోవడానికి కారణం వాతావరణం. కొండలకీ సముద్రానికీ మధ్యన ఉంది కాబట్టి మబ్బు, మంచు తక్కువ ఉండొచ్చని అంచనా వేశాడు. గుంటూరు అప్పటికే పత్తి వ్యాపారానికి పేరున్న ఊరు. అక్కడ లెఫోషర్ అనే ఫ్రెంచి వర్తకుడి మేడ మీద దూరదర్శినులు బిగించాడు. బ్రిటిష్ వాళ్ల తరఫున జేమ్స్ టెనెంట్ బృందం కూడా గుంటూరులోనే దిగింది. మద్రాసు అబ్జర్వేటరీ నుంచి నార్మన్ పాగ్సన్ మచిలీపట్నంలో ఉన్నాడు. అంటే ఆ పొద్దున ప్రపంచ ఖగోళశాస్త్రమంతా కృష్ణా తీరంలో కాపలా కాస్తోందన్నమాట.

సంపూర్ణ గ్రహణం ఐదు నిమిషాలకి పైగా ఉంది. సూర్యుడి చివరి వెలుగు ఆరిపోగానే జాన్సెన్ స్పెక్ట్రోస్కోప్‌లో కళ్లు చెదిరే గీతలు మెరిశాయి. ఎరుపు, నీలం, అన్నీ హైడ్రోజన్ ఉండాల్సిన చోట్లే. అంటే ఆ మంటలు మండుతున్న వాయువు, అందులో ముఖ్యమైనది హైడ్రోజన్. వాటిలో ఒకటి ఎంత పెద్దదంటే, సుమారు పది భూగోళాల్ని ఒకదాని మీద ఒకటి పేర్చినంత ఎత్తు.

ఈ సంగతి ఆ రోజు మిగతా బృందాల వాళ్లు కూడా గమనించారు. ఇక్కడిదాకా అయితే జాన్సెన్ అందరిలో ఒకడు. తేడా అంతా తర్వాత వచ్చిన ఆలోచనలో ఉంది. ఆ గీతలు అంత ప్రకాశంగా ఉన్నప్పుడు, గ్రహణం లేకుండా కూడా వాటిని చూడొచ్చు కదా? ఈ ప్రశ్న గ్రహణం ఇంకా పూర్తి కాకుండానే ఆయనకి తట్టింది. వెంటనే ప్రయత్నిద్దామంటే మబ్బు పట్టేసింది. ఆ రాత్రి ఆయనకి నిద్ర పట్టి ఉంటుందని నేను అనుకోను.

మర్నాడు ఆగస్టు 19 పొద్దున్నే మొదలుపెట్టాడు. స్పెక్ట్రోస్కోప్ చీలికని సరిగ్గా సూర్యుడి అంచు మీద పెట్టాడు. ఎర్ర గీత కనబడింది! పట్టపగలు, గ్రహణం లేకుండా, మామూలు ఎండలో.

ఇది ఎలా సాధ్యమైందో మన భాషలో చెప్పుకుంటే సిగ్నల్, నాయిస్ లెక్క. పగటిపూట ప్రామినెన్సులు కనబడకపోవడానికి కారణం అవి మసకగా ఉండటం కాదు, చుట్టూ ఆకాశపు వెలుగు ఎక్కువగా ఉండటం. ఆ ఆకాశపు వెలుగులో అన్ని రంగులూ ఉంటాయి. దాన్ని పట్టకాలతో వెడల్పుగా పరిస్తే, ఒక చుక్క నూనె పెద్ద పెనం మీద పరుచుకున్నట్టు పల్చబడిపోతుంది. ప్రామినెన్సు వెలుగు మాత్రం రెండు మూడు గీతల్లోనే ఉంటుంది. ఎంత పరిచినా అవి పక్కపక్కకి జరుగుతాయి తప్ప పల్చబడవు. ఇంకా పరిస్తే ఇంకా నాయిస్ తగ్గుతుంది, సిగ్నల్ అలాగే నిలబడుతుంది. చీలికని కొంచెం కొంచెం జరుపుతూ, గీత పొడవు ఎక్కడ ఎంత ఉందో గుర్తు పెట్టుకుంటూ జాన్సెన్ ఆ మంటల ఆకారం గీశాడు. ముందు రోజు చూసిన ఆకారం ఇప్పుడు లేదు, రాత్రికి రాత్రే మారిపోయింది. ఆయనే ఒక స్కానర్ అయిపోయాడు.

అలా గుంటూరులో 17 రోజులు చూశాడు. అంతకుముందు ఎవరైనా ప్రామినెన్సుని చూడగలిగితే గ్రహణానికి ఐదారు నిమిషాలు, అది కూడా మబ్బు లేకపోతే. ఈయనకి రోజంతా గ్రహణమే.

ఒకే రోజు రెండు ఉత్తరాలు

సెప్టెంబర్ 19న కాకినాడ నుంచి పారిస్ సైన్స్ అకాడమీకి ఉత్తరం రాశాడు. ఓడలో అది వెళ్లడానికి నెల పైనే పట్టింది. ఈలోగా ఇంగ్లండ్‌లో నార్మన్ లాకియర్ అనే ఆయన, వార్ ఆఫీసులో గుమాస్తా, ఇదే ఆలోచనతో రెండేళ్లుగా ఉన్నాడు. ఆర్డరిచ్చిన స్పెక్ట్రోస్కోప్ ఆలస్యంగా చేతికొచ్చింది. అక్టోబర్ 20న ఆయన కూడా గ్రహణం లేకుండానే ప్రామినెన్సు గీతల్ని చూశాడు. లాకియర్ వార్త, జాన్సెన్ ఉత్తరం రెండూ అక్టోబర్ 26న ఒకే సమావేశం ముందుకి వచ్చాయి. కొద్ది నిమిషాల తేడా.

అలాంటి చోట ఏం జరుగుతుందో మనకి తెలుసు. ఇద్దరు కలిసి చేసిన ప్రాజెక్టులోనే ఎవరి పేరు ముందుండాలని గొడవలవుతాయి. ఇక్కడ ఒకరు ఫ్రెంచి, ఒకరు ఇంగ్లీషు. అయినా వీళ్లు కొట్టుకోలేదు. అకాడమీ ఇద్దరికీ సమానంగా గౌరవం ఇచ్చింది, వాళ్లిద్దరూ జీవితాంతం స్నేహితులుగా ఉన్నారు.

ఇక హీలియం. లాకియర్ చూసిన గీతల్లో ఒక పసుపు గీత ఉంది. అది సోడియం గీతకి దగ్గరగా ఉంది గానీ సరిగ్గా దాని మీద పడలేదు. మచిలీపట్నంలో పాగ్సన్ కూడా ఆ తేడాని గమనించాడు. అది భూమ్మీద తెలిసిన ఏ మూలకానిదీ కాదని తేల్చి, సూర్యుడి గ్రీకు పేరు మీద హీలియం అనే పేరు రావడానికి కారణమైంది లాకియర్. భూమ్మీద దాన్ని పట్టుకున్నది 1895లో లండన్‌లో విలియం రామ్సే. జాన్సెన్ పారిస్‌కి రాసిన దాంట్లో కొత్త మూలకం మాటే లేదు. అందుకే క్విజ్ జవాబు సగమే నిజం అన్నాను. ఆయనది కాని కిరీటం ఆయనకి పెట్టి, ఆయనదైన కిరీటాన్ని మనం మర్చిపోయాం.

బెలూన్‌లో గ్రహణానికి

ఆ తర్వాత జీవితం సినిమాలా ఉంటుంది. 1870 డిసెంబర్‌లో అల్జీరియాలోని ఒరాన్‌లో గ్రహణం. పారిస్‌ని ప్రష్యా సైన్యం ముట్టడించి ఉంది. శత్రువు అనుమతితో బయటికి పంపే ఏర్పాటు ఇంగ్లండ్ వాళ్లు చేయబోతే జాన్సెన్ ఒప్పుకోలేదు. డిసెంబర్ 2 తెల్లవారుజామున వోల్టా అనే బెలూన్‌లో, పరికరాలతో సహా, ఒక నావికుణ్ణి తోడు తీసుకుని సైన్యం నెత్తిమీదుగా ఎగిరిపోయాడు. కొన్ని గంటల్లో అట్లాంటిక్ తీరం దగ్గర్లో దిగాడు. కుంటికాలుతో అంత సాహసం చేసి ఒరాన్ చేరితే, గ్రహణం వేళకి మబ్బు పట్టింది. ఏమీ కనబడలేదు.

మరుసటి ఏడాది 1871 డిసెంబర్ 12న మళ్లీ మన దేశం వచ్చాడు, ఈసారి నీలగిరుల్లోని షోలూరుకి. ఆకాశం నిర్మలంగా ఉంది. సూర్యుడి చుట్టూ కనిపించే తెల్లటి కరోనా నిజంగా సూర్యుడిదే అని చెప్పే బలమైన ఆధారాలు అక్కడ దొరికాయి. ఇప్పుడు మనకి తెలుసు, సౌరపవనం బయల్దేరేది ఆ కరోనా నుంచే.

1874లో శుక్రుడు సూర్యుడి ముందు నుంచి పోవడాన్ని చూడటానికి జపాన్‌లోని నాగసాకి వెళ్లాడు. దానికోసం తిరిగే పళ్లెం మీద వరసగా 48 ఫొటోలు తీసే యంత్రం తయారుచేయించాడు. సినిమా కెమెరా చరిత్ర రాసేవాళ్లు దాన్ని తాతగా లెక్కేస్తారు. తర్వాత పారిస్ పక్కన మూడాన్‌లో అబ్జర్వేటరీ పెట్టి, సూర్యుణ్ణి ఏళ్ల తరబడి ఫొటోలు తీస్తూ పోయాడు. ఆయన తర్వాత అక్కడికి డైరెక్టరైన దెలాంద్రు, అమెరికాలో జార్జి హేల్, ఇద్దరూ గుంటూరు పద్ధతిని పెద్దది చేసి, ఒకే గీత వెలుగులో సూర్యుడి మొత్తం బొమ్మ తీసే యంత్రాలు కట్టారు.

66 ఏళ్ల వయసులో ఆయనకి ఇంకో సందేహం వచ్చింది. సూర్యకాంతిలో కనిపించే ఆక్సిజన్ గీతలు సూర్యుడివా, మన గాలివా? గాలి పల్చగా ఉన్నచోట చూడాలి. యూరప్‌లో పేరుమోసిన మోన్ బ్లాన్ శిఖరం ఎత్తు 4,800 మీటర్ల పైన. నడవలేడు కాబట్టి కూలీలు మంచు మీద ఆయన్ని మోసి, లాగి పైకి చేర్చారు. ఆ గీతలు మన గాలివే అని తేలింది. 1893లో ఆ శిఖరం మీద మంచులోనే అబ్జర్వేటరీ కట్టించాడు. ఆయన పోయిన కొద్ది కాలానికే అది మంచులో కుంగి, వదిలేయాల్సి వచ్చింది.

1905లో 81 ఏళ్లకి స్పెయిన్ వెళ్లి చివరి గ్రహణం చూశాడు. 1907 డిసెంబర్ 23న కన్నుమూశాడు.

మన తీరం నుంచే

2023 సెప్టెంబర్ 2న శ్రీహరికోట నుంచి ఆదిత్య-ఎల్1 బయల్దేరింది. అందులోని ఒక పరికరం సూర్యబింబాన్ని అడ్డుపెట్టి కరోనాని నిరంతరం చూస్తుంది. గ్రహణం కోసం ఆగదు. ఎప్పుడు ఏ తుఫాను భూమి వైపు బయల్దేరిందో ముందే తెలిస్తే ఉపగ్రహాల్నీ కరెంటు గ్రిడ్లనీ కాపాడుకోవచ్చు. అరోరా అందంగానే ఉంటుంది గానీ, అదే తుఫాను 1989లో కెనడాలోని క్విబెక్ మొత్తాన్ని చీకట్లో ముంచింది. అందుకని సూర్యుణ్ణి రోజూ కాపలా కాయడం ఇప్పుడు సరదా పని కాదు. ఆ కాపలా మొదటిరోజు 1868 ఆగస్టు 19, చోటు గుంటూరులో ఒక మేడ.

1872లో ఫ్రెంచి ప్రభుత్వం ఒక పతకం చేయించింది. ఒక వైపు జాన్సెన్, లాకియర్ ముఖాలు పక్కపక్కనే ఉంటాయి. రెండో వైపు రథం మీద సూర్యదేవుడు, కింద ఒక తేదీ. లాకియర్ చూసిన అక్టోబర్ తేదీ కాదు, అకాడమీ సమావేశం తేదీ కూడా కాదు. ఆగస్టు 18. మన గుంటూరు గ్రహణం తేదీ.